పిల్లలతో కలిసి పరుగు: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మో నాన్నో, కూతురో కొడుకో, ఇద్దరూ కలిసి పరుగు మొదలుపెడదామనుకున్నప్పుడు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు రాశాను. మా అమ్మాయితో కలిసి పరిగెడుతూ నేను గమనించినవి కొన్ని ఇందులో ఉన్నాయి. ఆరోగ్యం గురించి రాసినవి డాక్టర్లు, కోచ్‌లు సాధారణంగా చెప్పే మాటలు. బిడ్డకు గానీ మీకు గానీ గుండె సమస్య, ఆస్తమా, షుగర్, బీపీ లాంటివి ఉంటే ముందు మీ డాక్టరుతో మాట్లాడి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

నేనెప్పుడూ పరిగెత్తలేదు. రెండు అంతస్తులు ఎక్కితేనే ఆయాసం వస్తుంది. పిల్లాడికి నేనేం నేర్పగలను?

నేర్పక్కర్లేదు, వాడితో కలిసి నేర్చుకోండి. నన్నడిగితే, పరుగు గురించి ఏమీ తెలియని అమ్మానాన్నలకే ఈ పని బాగా కుదురుతుంది. చదువు దగ్గర్నుంచి పళ్లు తోముకోవడం దాకా ఇంట్లో అన్నిట్లోనూ మనం చెప్పేవాళ్లం, వాళ్లు వినేవాళ్లు. పరుగు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే తరగతిలో చేరతారు. ఇద్దరికీ రొప్పు వస్తుంది, ఇద్దరికీ పిక్కలు పట్టేస్తాయి, మొదటిసారి ఆగకుండా నాలుగు నిమిషాలు వెళ్లినప్పుడు ఇద్దరి ముఖాలూ వెలిగిపోతాయి. అమ్మకి కూడా చేతకాని పనులుంటాయనీ, అయినా ఎల్లుండి మళ్లీ షూస్ వేసుకుని బయల్దేరుతుందనీ బిడ్డ కళ్లారా చూస్తాడు. ఆ సంగతి మనం ఎన్ని మాటలతో చెప్పినా అంత బాగా ఎక్కదు.

పద్ధతి కావాలంటే ‘కౌచ్ టు 5కె’ (సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) అనే ప్లాన్ ప్రపంచమంతా వాడుతున్నారు. దాన్ని 1996లో జాష్ క్లార్క్ అనే యువకుడు తయారుచేశాడు. యాభై దాటిన వాళ్లమ్మ లాంటివాళ్లు కూడా భయపడకుండా పరుగు మొదలుపెట్టాలన్నది అతని ఆలోచన. అంటే ఒక కొడుకు తల్లిని దృష్టిలో పెట్టుకుని రాసిన ప్లాన్ అది. వారానికి 3 రోజులు, మొత్తం 9 వారాలు. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్లు నెమ్మదిగా పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మారుస్తూ 20 నిమిషాలు వెళ్లాలి. అంతే. చిన్నపిల్లలతో అయితే 9 వారాల ప్లాన్‌ను 15 వారాలకు సాగదీసినా ఏ నష్టమూ లేదు.

మీకు 40 దాటి, చాలా ఏళ్లుగా వ్యాయామం అలవాటు లేకపోతే ఒకసారి చెకప్ చేయించుకోవడం మంచిది. పరుగులో ఛాతీలో నొప్పి గానీ బరువుగా గానీ అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి. బిడ్డ ముందు ఆగడం చిన్నతనం అనుకోవద్దు.

ఎన్నేళ్లప్పుడు మొదలుపెట్టవచ్చు?

నడక వచ్చిన కొన్నాళ్లకే పిల్లలు పరుగు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు, కాబట్టి ఇన్నేళ్లు నిండాలన్న లెక్క లేదు. వయసును బట్టి పరుగు తీరు మారుతుంది.

3, 4 ఏళ్ల పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఏదో ఒక కదలికలో ఉండాలనీ, అందులో కనీసం 60 నిమిషాలు కాస్త జోరుగా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ వయసులో పరుగంటే ఆటే. పట్టుకునే ఆట, దాక్కునే ఆట, ఆ చెట్టును ముట్టుకుని రావడం. ‘ఇవాళ మన పరుగు’ అని పేరు పెట్టి టైమ్ చూసుకోవాల్సిన పని లేదు. 7, 8 ఏళ్లు వచ్చేసరికి వేగం తగ్గించుకుంటే ఎక్కువసేపు వెళ్లవచ్చన్న సంగతి చాలామంది పిల్లలకు అర్థమవుతుంది. మీరిద్దరూ పక్కపక్కన నెమ్మదిగా వెళ్లడం అప్పట్నుంచి నిజంగా మొదలవుతుంది. 10 దాటాక వారానికి ఏయే రోజులు, ఎంతసేపు అన్నది బిడ్డతోనే కూర్చుని రాసుకోవచ్చు.

చంటిబిడ్డను స్ట్రాలర్‌లో పెట్టి పరిగెత్తాలనుకుంటే మెడ గట్టిపడేదాకా ఆగాలి. సాధారణంగా 6 నుంచి 8 నెలలు నిండాకే అంటారు, పిల్లల డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. పరుగు కోసమే తయారుచేసిన స్ట్రాలరే వాడాలి. పరిగెత్తేటప్పుడు దాని ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా లాక్ చేసి, పట్టీని చేతి మణికట్టుకు తగిలించుకోండి.

మొదటి రోజు అసలేం చేయాలి?

తక్కువ చేయాలి. ఇద్దరూ ఇంకా కాసేపు ఉంటే బాగుండు అనుకుంటున్నప్పుడే ఇంటికి వచ్చేయాలి. 5 నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ నడవండి. తర్వాత కళ్ల ముందు కనిపించే గుర్తులు పెట్టుకోండి: ఆ స్తంభం దాకా పరుగు, ఆ గేటు దాకా నడక. ఏ గుర్తు పెట్టుకోవాలో ఒకసారి మీరు చెప్పండి, ఒకసారి బిడ్డను చెప్పనివ్వండి. ఇలా 10, 12 నిమిషాలు. చివర్లో మళ్లీ నడక. మొత్తం 20 నిమిషాలు దాటకపోతే మంచిది.

బయల్దేరేముందు కదలకుండా నిలబడి ఒళ్లు సాగదీసే స్ట్రెచింగ్ కంటే మోకాళ్లు పైకెత్తుతూ నడవడం, చేతులు గుండ్రంగా తిప్పడం, పక్కకి అడుగులు వేయడం లాంటి కదిలే వార్మప్ మేలు. నిదానంగా సాగదీసేవన్నీ పరుగయ్యాక చేసుకోండి. పిల్లలకు అవి బోరు కొడతాయి. రెండు నిమిషాలతో సరిపెట్టండి.

ఎవరి వేగంతో వెళ్లాలి?

బిడ్డ వేగంతో. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతారంటే ఇదే చదవమంటాను.

పక్కన పరిగెత్తేటప్పుడు మీరెక్కడ ఉన్నారో చూసుకోండి. మీరు అరడుగు ముందుంటే చాలు, బిడ్డ తనకు తెలియకుండానే మిమ్మల్ని అందుకోవాలని చూస్తుంది. మీరు ఏమీ అనలేదు, తొందరపెట్టలేదు. అయినా ఆ అరడుగు దూరమే తొందరపెడుతుంది. కొంచెం సేపటికి ముఖం ఎర్రబడి, ‘నాకు పరుగు రాదు’ అనేస్తుంది. సరిగ్గా పక్కన గానీ, అరడుగు వెనక గానీ ఉండండి. కాలు పొట్టిగా ఉంటుంది కాబట్టి మీ ఒక్క అడుగుకు బిడ్డ ఒకటిన్నర, రెండు అడుగులు వేస్తుంది. ఒకే దూరానికి ఒంటి బరువుతో పోల్చి చూస్తే మనకంటే వాళ్లకే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. కాబట్టి మీకు హాయిగా ఉన్న వేగం వాళ్లకు కష్టంగా ఉండొచ్చు.

వేగం సరిపోయిందో లేదో మాటే చెప్తుంది. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన వేగం. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతుంటే ఎక్కువైంది. పాట పాడగలిగేంత తీరిగ్గా ఉంటే, ఇంకాస్త జోరు పెంచాలని బిడ్డకే అనిపిస్తే పెంచనివ్వండి. గుండె ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టే వాచీలు పిల్లల విషయంలో పెద్దగా ఉపయోగపడవు. వాళ్ల గుండె చిన్నది, ఒక్కో దెబ్బకు తక్కువ రక్తాన్ని పంపుతుంది, అందుకని మామూలుగానే మనకంటే వేగంగా కొట్టుకుంటుంది. ఆ అంకె చూసి కంగారు పడే అమ్మానాన్నలు చాలామంది.

‘ఇలా నెమ్మదిగా వెళ్తే నాకు వ్యాయామం ఏం సరిపోతుంది?’ అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. మీ వ్యాయామానికి వేరే రోజు పెట్టుకోండి, లేదా బిడ్డను ఇంట్లో దిగబెట్టి ఇంకో 15 నిమిషాలు వెళ్లిరండి. కలిసి వెళ్లే ఆ అరగంట మాత్రం బిడ్డదిగా ఉంచండి. రెంటినీ ఒకే పరుగులో కలిపితే రెండూ చెడతాయి.

మావాడు బాణంలా దూసుకెళ్తాడు, వెంటనే కూలబడతాడు. నెమ్మదిగా వెళ్లమంటే వినడు.

అది మొండితనం కాదు, ఆ వయసు ఒంటి తీరే అంత. చిన్నపిల్లల ఆట గమనిస్తే తెలుస్తుంది: కొన్ని సెకన్లు ఉరుకుతారు, ఆగుతారు, మళ్లీ ఉరుకుతారు. అలా చిన్న చిన్న ఉరుకుల తర్వాత పెద్దవాళ్లకంటే త్వరగా తేరుకుంటారు కూడా. ఒకే వేగంతో చాలాసేపు వెళ్లడం మనకు సులువు, వాళ్లకు విసుగు.

కాబట్టి ఆ ఉరుకునే వాడుకోండి. ‘నువ్వు ఆ బెంచీ దాకా ఎంత వేగంగానైనా వెళ్లు, అక్కడ నాకోసం ఆగు’ అనండి. మీరు నింపాదిగా చేరేసరికి వాడు ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉంటాడు. ఇద్దరికీ ఎవరి పరుగు వాళ్లకు దక్కుతుంది. మీ కంటికి కనిపించేంత దూరంలోనే గుర్తు పెట్టండి, మధ్యలో రోడ్డు దాటేది ఉండకూడదు.

మధ్యలో నడిస్తే అది పరుగు కిందికి వస్తుందా?

వస్తుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు పరుగు మధ్యలో నడకను కావాలనే పెట్టాడు. ఆ పద్ధతిలో మారథాన్‌లు పూర్తిచేసినవాళ్లు లెక్కలేనంత మంది. నడక అలసిపోయి ఓడిపోయినప్పుడు దిగజారే మెట్టులా ఉండకూడదు. ముందే అనుకుని, అలసట రాకముందే నడవాలి. ‘ఇప్పుడు మన నడక’ అని ముందే చెప్తే పిల్లలకు ఆ సిగ్గే ఉండదు.

ఎంత దూరం పరిగెత్తించవచ్చు?

కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో ఆలోచించండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వారం మొత్తం మీద రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక, వారంలో కనీసం 3 రోజులు గట్టి శ్రమ, ఎముకలకూ కండరాలకూ పనిచెప్పే ఆటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆ 60 నిమిషాలూ పరుగే కానక్కర్లేదు. సైకిలు, తాడాట, ఈత, బంతాట అన్నీ అందులోకే వస్తాయి. వారానికి రెండు మూడుసార్లు కలిసి పరుగు, మిగతా రోజులు వాళ్ల ఆటలు వాళ్లవి. ఇదే నాకు నచ్చిన లెక్క.

ఎదిగే ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మెత్తటి భాగాలుంటాయి. రోజూ ఒకే రకం దెబ్బ పడితే అవి నొప్పి పెడతాయి. అందుకే కోచ్ దగ్గర శిక్షణ తీసుకునే పిల్లలకు కూడా వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలనీ, వారంలో శిక్షణ గంటలు బిడ్డ వయసు అంకెను దాటకూడదనీ పిల్లల క్రీడావైద్యులు చెప్తారు. అంటే 9 ఏళ్ల బిడ్డకు వారానికి 9 గంటలకు మించకూడదు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌లు చాలా పెద్ద పోటీల్లో 18 నిండినవాళ్లకే. పదేళ్ల బిడ్డ చేత అంత దూరం పరిగెత్తించి గొప్పగా చెప్పుకోవడం నాకు ఏమాత్రం నచ్చని పని. బిడ్డ చేయగలదా అన్నది వేరు, చేయించాలా అన్నది వేరు.

నిద్ర కూడా ఇందులో భాగమే. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. తెల్లవారుజామునే లేపి పరుగుకు తీసుకెళ్లాలంటే ముందు రాత్రి పడుకునే టైమ్ మార్చాలి. ఆ వీలు లేకపోతే సాయంత్రం వెళ్లండి.

పరిగెత్తేటప్పుడు ఏం మాట్లాడాలి?

మాట్లాడాలనే నియమం లేదు. మాటలు వాటంతట అవే వస్తాయి, అవి వచ్చే తీరే నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఎదురెదురుగా కూర్చుని ‘స్కూల్లో ఏం జరిగింది’ అంటే ‘ఏం లేదు’ అంటారు. పక్కపక్కన వెళ్తున్నప్పుడు ఇద్దరి చూపూ దారి మీద ఉంటుంది. ముఖంలోకి ముఖం పెట్టి చూసేవాళ్లు ఉండరు, ఫోన్ ఉండదు, మధ్యలో తలుపు తట్టేవాళ్లు ఉండరు. చెప్పాలో వద్దో అని దాచుకున్న మాట అప్పుడు బయటికొస్తుంది. ఒక స్నేహితురాలు మాట్లాడటం మానేసిందనో, లెక్కల టీచరంటే భయమనో. టీనేజ్ పిల్లల విషయంలో ఇది మరీ నిజం.

అలాంటి మాట వచ్చినప్పుడు వెంటనే సలహా ఇవ్వకండి. ‘ఊఁ’ అనండి, పది అడుగులు వేయండి. ఎలాగూ ఆయాసంలో ఉంటారు కాబట్టి పెద్ద ఉపన్యాసం ఇవ్వలేరు, అది ఇద్దరికీ మేలే. మార్కుల గురించి, అన్నయ్యతో గొడవ గురించి, ఇంటిపని గురించి ఆ దారిలో ఎత్తకండి. ఒక్కసారి పరుగు విచారణ గదిలా మారిందంటే రెండోసారి రమ్మన్నా రారు. మౌనంగా సాగిన పరుగు కూడా మంచి పరుగే.

పొగడ్త గురించి ఒక మాట. ‘ఎంత వేగంగా వెళ్లావో’ అనడం కంటే ‘ఆ ఎత్తు దగ్గర నడుద్దామనుకున్నావు, మళ్లీ అందుకున్నావు, చూశాను’ అనండి. పక్కనే ఉన్నారు కాబట్టి మీరు చూసింది చెప్పగలరు. గట్టు మీద కూర్చున్నవాళ్లకు ఆ అవకాశం లేదు.

ఇవాళ రానంటోంది. బలవంతం చేయనా?

చేయకండి. ‘సరే, నేను వెళ్లొస్తా’ అని మీరు వెళ్లండి. మీరు ఒక్కరైనా వెళ్లడం ముఖ్యం. అప్పుడు పరుగు అంటే బిడ్డ కోసం పెట్టిన శిక్ష అన్న అనుమానం పోతుంది. వరసగా చాలాసార్లు రానంటే మాత్రం కారణం వెతకండి. షూ బిగుతై ఉండొచ్చు, ఎవరైనా నవ్వి ఉండొచ్చు, మీరే వేగం పెంచి ఉండొచ్చు. తప్పు చేసినందుకు శిక్షగా ‘గ్రౌండ్ చుట్టూ పరిగెత్తు’ అనడం మాత్రం ఎప్పుడూ వద్దు.

షూస్ ఎలాంటివి కొనాలి?

ఖరీదైనవి అక్కర్లేదు, సరిపోయేవి కావాలి. నిలబెట్టి చూసినప్పుడు పొడవాటి వేలికీ షూ చివరకీ మధ్య మీ చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. సాయంత్రం వెళ్లి కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పిల్లల పాదాలు మూణ్ణెల్లకోసారి చూడాల్సినంత త్వరగా పెరుగుతాయి, కాబట్టి ‘పెరిగినా పనికొస్తాయి’ అని రెండు సైజులు పెద్దవి కొంటే తట్టుకుని పడతారు. పెద్దవాళ్ల రన్నింగ్ షూస్ సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి. శుభ్రమైన గడ్డి మీద కాసేపు ఉత్త కాళ్లతో పరిగెత్తడం ఇద్దరికీ బాగుంటుంది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా ఉత్త కాళ్లతోనే గెలిచాడు. మనం మాత్రం రోడ్డు మీద ఆ ప్రయత్నం చేయొద్దు.

డొక్కలో పోటు వస్తోందంటాడు. ఏం చేయాలి?

ఇది పెద్దవాళ్లకంటే పిల్లలకే ఎక్కువగా వస్తుంది, ప్రమాదమేమీ లేదు. నడకలోకి దిగండి. నొప్పి ఉన్న చోట చేత్తో నొక్కిపట్టి, కాస్త ముందుకు వంగి, లోతుగా ఊపిరి తీసి వదలమనండి. రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. కడుపునిండా తిన్నాక రెండు గంటలన్నా ఆగి పరిగెత్తండి, పరుగుకు ముందు తియ్యటి డ్రింకులు తాగనివ్వకండి. అరగంట లోపు పరుగుకు మంచినీళ్లు చాలు. స్పోర్ట్స్ డ్రింకులు అవసరం లేదు.

ఏ నొప్పిని పట్టించుకోవాలి?

మర్నాడు తొడలు, పిక్కలు రెండు వైపులా సమానంగా పీకుతుంటే అది అలవాటు లేని శ్రమ. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే చోట వేలు పెట్టి చూపించే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, వాపు, కుంటడం, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. కుంటుతున్న బిడ్డను ‘పరిగెత్తితే అదే సర్దుకుంటుంది’ అనడం తప్పు.

ఎదిగే వయసుకే చెందిన నొప్పులు రెండున్నాయి. 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ వెనక వచ్చే నొప్పిని సీవర్స్ అంటారు. 10 నుంచి 15 ఏళ్ల మధ్య మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి పెడితే అది ఆస్‌గుడ్-ష్లాటర్. కండరం ఎముకను పట్టుకుని లాగే చోట, ఎముక ఇంకా ఎదుగుతుండగా వచ్చే ఇబ్బందులివి. పేర్లు వింటే టెన్షన్ పుడుతుంది గానీ, పరుగు తగ్గించి, ఐస్ పెట్టి, డాక్టరు లేదా ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేస్తే తగ్గేవే. ఎదుగుదల పూర్తయ్యాక చాలామందికి పూర్తిగా పోతాయి.

ఆస్తమా ఉన్న బిడ్డ పరిగెత్తవచ్చా?

అదుపులో ఉంటే చాలామంది పిల్లలు హాయిగా పరిగెత్తవచ్చు, డాక్టరుతో ముందే మాట్లాడి ఉండాలి. వార్మప్ ఎక్కువసేపు చేయించండి. పరుగుకు ముందు ఇన్‌హేలర్ వాడమని డాక్టరు చెప్పి ఉంటే అలాగే వాడండి. ఇన్‌హేలర్ ఇంట్లో కాదు, మీ జేబులో ఉండాలి. చల్లటి పొడిగాలి, దుమ్ము, పొగ ఎక్కువగా ఉన్న రోజు మానేయండి.

ఎండలో?

వద్దు. పొద్దున్న గానీ, ఎండ తగ్గాక గానీ వెళ్లండి. పిల్లలకు మనకంటే తక్కువ చెమట పడుతుంది, ఆటలో పడితే దాహం సంగతి కూడా చెప్పరు. మీరే గుర్తుచేసి తాగించాలి. తలనొప్పి, వికారం, తడబడే మాట, అయోమయం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి చల్లబరుస్తూ వైద్య సాయం పిలవండి.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. నిన్నటిదాకా వచ్చేది, ఇప్పుడు మానేస్తానంటోంది.

ఈ వయసులో ఆడపిల్లలు ఆటలు మానేయడం లోకమంతటా ఉంది. కారణాలు చాలావరకు పరుగుతో సంబంధం లేనివి: మారుతున్న ఒళ్లు, ఎవరైనా చూస్తారన్న బెరుకు, బట్టల్లో ఇబ్బంది, పీరియడ్స్ భయం. వీటిలో ప్రతిదానికీ చేయగలిగింది ఉంది. సరైన స్పోర్ట్స్ బ్రా, ముదురు రంగు వదులు బట్టలు, జనం తక్కువుండే దారి, తనకు నచ్చిన టైమ్. పీరియడ్స్ రోజుల్లో పరిగెత్తకూడదన్న వైద్య నియమం లేదు. ఒంట్లో బాగుంటే వెళ్లవచ్చు, లేకపోతే నడవవచ్చు, పడుకోవచ్చు. నాన్నతో పరిగెత్తే అమ్మాయిలకు ఈ విషయాలు నాన్న కూడా మామూలుగా మాట్లాడితే సగం భారం దిగిపోతుంది. బరువు గురించి మాత్రం ఒక్క మాట కూడా అనకండి. శిక్షణ పెరిగాక నెలసరి ఆగిపోయినా, తిండి తగ్గినా, ఎముకల్లో నొప్పులొచ్చినా డాక్టరుకు చూపించాలి. చేసే శ్రమకు తగ్గ తిండి అందడం లేదని ఒళ్లు చెప్పే తీరు అది.

ఆడవాళ్లు దూరం పరిగెత్తలేరన్న మాట ఎంతకాలం చెల్లిందో మీ అమ్మాయికి చెప్పండి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టి, తర్వాత తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. అంటే చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథానే లేదు. ఆ తరంలోని అమ్మలు ఎందుకు పరిగెత్తలేదో, ఇప్పుడు అమ్మా కూతురూ కలిసి మొదలుపెట్టడం ఎందుకు విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ వయసు తేడా. అందర్నీ ఎలా తీసుకెళ్లాలి?

చిన్న గ్రౌండ్ చుట్టూ తిరగండి. ఎవరి వేగం వాళ్లది, అందరూ కంటి ముందే ఉంటారు. చిన్నవాడికి సైకిలు ఇవ్వడం ఇంకో దారి. వాళ్లిద్దర్నీ ఒకరితో ఒకర్ని మాత్రం పోల్చొద్దు. వీలైతే ఒక్కొక్కరితో విడిగా ఒక రోజు వెళ్లండి, ఆ రోజు కోసం ఇద్దరూ ఎదురుచూస్తారు.

యాప్‌లు, వాచీలు వాడాలా?

మొదట్లో వద్దు. తర్వాత బిడ్డే అడిగితే వాడండి, అంకెలు చూడటం సరదాగా ఉన్నంతకాలం. లొకేషన్ కనిపించే సెట్టింగులు మూసేయండి, బిడ్డ రోజూ వెళ్లే దారిని నలుగురికీ చూపించొద్దు.

పోటీల్లో పాల్గొనవచ్చా?

బిడ్డ అడిగితే తప్పకుండా. చాలా పోటీల్లో చిన్న దూరాల విభాగాలుంటాయి. ‘పార్క్‌రన్’ అని ఒకటుంది. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలై అనేక దేశాలకు పాకింది. శనివారం 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కర్లేదు, నడిచినా సరే. 11 ఏళ్లలోపు పిల్లలు వెంట వచ్చిన పెద్దవాళ్ల చేతికి అందేంత దగ్గరగా ఉండాలన్నది అక్కడి నియమం. కొన్ని దేశాల్లో ఆదివారాలు 4 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసమే 2 కిలోమీటర్లది కూడా జరుగుతుంది. ఇలా గెలుపోటముల గొడవ లేనివి మొదట మంచివి. గీత దాటేటప్పుడు బిడ్డ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకండి. ఆ చివరి పది అడుగులు తనంతట తనే వేయాలి.

మా అబ్బాయి వీల్‌చెయిర్‌లో ఉంటాడు. ఇదంతా మాకు కాదు కదా?

మీకే. కలిసి పరుగు గురించి మాట్లాడేటప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది అమెరికాలోని డిక్ హోయ్ట్, రిక్ హోయ్ట్. కొడుకు రిక్‌కు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి. కంప్యూటర్ సాయంతో మాట్లాడేవాడు. 1977లో ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఒక ఆటగాడి సహాయార్థం 5 మైళ్ల పరుగు జరుగుతుంటే, తానూ పాల్గొంటానని నాన్నకు చెప్పాడు. నాన్న డిక్ అప్పటికి పరుగు అలవాటున్నవాడు కాదు. వీల్‌చెయిర్ తోసుకుంటూ ఆ దూరమంతా పూర్తిచేశాడు. పరిగెత్తుతున్నప్పుడు తనకు వైకల్యం లేనట్టే అనిపించిందని ఆ రోజు రిక్ చెప్పాడు. ఆ ఒక్క మాటతో వాళ్లు మొదలుపెట్టి వెయ్యికి పైగా పోటీల్లో కలిసి పాల్గొన్నారు, 2014 దాకా బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తారు. బోస్టన్ మారథాన్ మొదలయ్యే హాప్కింటన్‌లో ఇద్దరికీ కలిపి విగ్రహం పెట్టారు.

ఆ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది: అడిగింది కొడుకు, నేర్చుకున్నది నాన్న. మీ అబ్బాయి ఏ మేరకు చేయగలడో, ఎలాంటి కుర్చీ కావాలో డాక్టరుతో, ఫిజియోథెరపిస్టుతో మాట్లాడండి. తనే చక్రాలు తిప్పుకుంటూ వస్తానంటే మీరు పక్కన పరిగెత్తండి.

ఇప్పుడు మా అమ్మాయి నాకంటే వేగంగా పరిగెడుతోంది. నేను అందుకోలేకపోతున్నాను.

టీనేజ్‌లో ఇది జరిగి తీరుతుంది. ఇన్నాళ్లూ మీరు తన వేగానికి తగ్గారు. ఇప్పుడు తను మీ కోసం తగ్గుతుందా అన్నది తన ఇష్టం, అడగొద్దు. వార్మప్ కలిసి చేయండి, తర్వాత తను ముందుకు వెళ్లి చివర్లో తిరిగొచ్చి కలుస్తుంది. లేదా తను గట్టిగా పరిగెత్తే రోజు మీరు సైకిలు మీద వెళ్లండి. విశ్రాంతిగా వెళ్లాల్సిన రోజులు తనకూ ఉంటాయి, ఆ నెమ్మది పరుగులకు మీకంటే మంచి జోడీ దొరకదు.

నాకు అరవై దాటింది. మా అబ్బాయి రమ్మంటున్నాడు. ఈ వయసులో?

డాక్టరు సరేనంటే వెళ్లండి. పంజాబ్‌లో పుట్టిన ఫౌజా సింగ్ భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న దుఃఖంలోంచి పరుగు పట్టుకుని, 2000లో 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పరిగెత్తాడు. కెనడాకు చెందిన ఎడ్ విట్లాక్ 2004లో 73 ఏళ్లప్పుడు మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. మీరు అంత చేయక్కర్లేదు. నడకతో మొదలుపెట్టి, మధ్యలో అరనిమిషం పరుగు కలపండి. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను తోయడం లాంటి బలం పెంచే వ్యాయామాలు చేయండి, మోకాళ్లకు అవే రక్ష. అబ్బాయికి ఒక మాట చెప్పండి: పక్కన గానీ, అరడుగు వెనక గానీ ఉండమని.

రోడ్డు మీద వెళ్లక తప్పదు. జాగ్రత్తలు?

ఫుట్‌పాత్ లేకపోతే వాహనాలు ఎదురుగా కనిపించే వైపు వెళ్లండి. బిడ్డ లోపలి వైపు, మీరు రోడ్డు వైపు. ఇయర్‌ఫోన్లు ఇద్దరూ పెట్టుకోవద్దు. వెలుతురు తక్కువుంటే లేత రంగు బట్టలు, మెరిసే పట్టీలు వేసుకోండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి, దాని కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా పక్కకు జరగండి. బిడ్డను మీ వెనక ఉంచుకోండి.

రెండు నెలలు బాగా సాగింది. పరీక్షలొచ్చాయి, ఆగిపోయింది. మళ్లీ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ఒక వారం ఆగి ఉంటే ఆగిన చోటి నుంచే. రెండు మూడు వారాలైతే అంతకుముందు చేసినదాంట్లో సగం నుంచి. రెండు నెలలు దాటితే మొదటి వారం ప్లాన్ మళ్లీ తీయండి, ఈసారి త్వరగా ముందుకెళ్తారు. బిడ్డ షూస్ సరిపోతున్నాయో లేదో ఒకసారి చూడండి, ఈలోగా పాదం పెరిగి ఉంటుంది. ఎందుకు ఆగిపోయామన్న చర్చ పెట్టకుండా ‘రేపు సాయంత్రం వెళ్దామా?’ అని అడగండి.